తోడిపెళ్ళికొడుకు కోటు

సెంగ్‌కాంగ్, 14-11-2000

అమ్మా, భువన నమస్కారాలు. ఇక్కడ ఇద్దరమూ కులాసాగానే ఉన్నాం.

ఆదివారం ఈయన ఆఫీసు స్నేహితుడు టెరెన్స్ పెళ్ళికి వెళ్ళాం. చైనావాళ్ళు. ఈయన తోడిపెళ్ళికొడుకు. పెళ్ళివారిచ్చిన కోటు ఈయనకు కొలిచి కుట్టినట్టే సరిపోయింది. నా పక్కన కూర్చున్న టెరెన్స్ తల్లి, "ఆ కోటు మా పెద్దబ్బాయి ఏడ్రియన్ కోసం కుట్టించింది. నిరుడు పోయాడు" అంది. కాసేపటికి "ఏడ్రియన్" అని గొణిగినట్టుగా పిలిచింది. హాలు ఆ చివర ఉన్న ఈయన వెంటనే వచ్చి, "పిలిచావా అమ్మా?" అన్నారు. ఇంటికి వచ్చాక అడిగితే, "నా పేరే కదా పిలిచింది" అన్నారు.

కోటు తిరిగిచ్చేశాను. అయినా ఆవిడ ఈయన్ని ఒక్కరినే భోజనానికి రమ్మంది. వెళతానంటున్నారు.

తమ్ముడి జ్వరం తగ్గిందా? కందిపొడి పంపించు. అత్తయ్యగారికి ఇదేమీ తెలియనివ్వకు. శనివారం గుడిలో ఈయన పేరు శశికాంత్ అనీ, గోత్రమూ గట్టిగా చెప్పి అర్చన చేయించు.

నాన్నగారిని అడిగానని చెప్పు.

నీ భువన