ఒడ్డు మీద కుర్చీ

ప్రియమైన మా ఆయనకి,

క్షేమంగా చేరాను. బస్సులో కిటికీ పక్కన సీటైతే దొరికింది కానీ, పక్కావిడ దారి పొడుగునా నా భుజం మీదే నిద్రపోయింది. అమ్మాయి బాగానే ఉంది. కాళ్ళు కాస్త వాచాయి, ఇంకో మూడు వారాలు పడుతుందని డాక్టరమ్మ అంటోంది. అల్లుడుగారు ప్రెస్సు నుంచి రాగానే సిరా చేతులతోనే గిన్నెలు తోముతానంటాడు. ఆయన తోమినవి మళ్ళీ నేను తోముకోవాలి. మంచివాడు, కాదనను. వంటగది మాత్రం మరీ ఇరుకు. మేమిద్దరం లోపలుంటే మూడోవాళ్ళు గుమ్మంలో ఆగాల్సిందే.

పొయ్యి మీద పాలు పెట్టి సెలూన్‌కి వెళ్ళిపోకండి. మేడ మీద బట్టలు వాన పడ్డాక గుర్తు తెచ్చుకోకండి.

ఇక అసలు సంగతి. సముద్రంలో ఆపదలో పడ్డవాళ్ళని తెచ్చే ఆ పడవ మీద జీతం బత్తెం లేకుండా ఇన్నేళ్ళు తిరిగారు. నేనేమైనా అన్నానా? కిందటేడు నీళ్ళలోంచి ఒక మనిషిని లాగుతుంటే మీ భుజం కీలు తప్పింది. నెలకు పైగా కత్తెర పట్టుకోలేకపోయారు. ఇప్పటికీ చొక్కా తొడుక్కోవాలంటే నన్నే పిలుస్తారు. ఇంక పడవ ఎక్కనని, షెడ్డులో వైర్‌లెస్ ముందు కూర్చుని మాట సాయం మాత్రం చేస్తానని నాకు మాటిచ్చారు. నేను పక్కన లేను కదా అని ఒట్టు తీసి గట్టున పెట్టకండి. నాకు మీరు కావాలి, మీ కథలు కాదు.

మీ
ఇల్లాలు

*

ప్రియమైన మా ఇంటి జడ్జిగారికి,

పాలు ఒకసారే పొంగాయి. బట్టలు రెండుసార్లు తడిశాయి. నేరం ఒప్పుకున్నాను కాబట్టి శిక్ష తగ్గించాలి.

నా చుక్కాని బస్సు డ్రైవరమ్మకి ఇచ్చారు. నాకు ఒక కుర్చీ, ఒక వైర్‌లెస్ సెట్టు, గోడ మీద ఆగిపోయిన గడియారం ఇచ్చారు. సెలూన్‌లో కుర్చీ వెనక నిలబడ్డవాణ్ణి కదా, కుర్చీలో కూర్చోవడం నాకు కొత్త. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

జట్టులో కొత్తగా లెక్కల మాస్టారు చేరాడు. గాలేస్తే పడిపోయేలా ఉంటాడు. పడవ కదలకముందే కక్కుతాడు. "ఈయన్ని ఎందుకు తీసుకున్నావమ్మా?" అని డ్రైవరమ్మని అడిగాను. "ఇవాళ కక్కాడు, నిన్నా కక్కాడు, అయినా రేపు వస్తాడు బాబాయ్. నాకు అలాంటివాళ్ళే కావాలి" అంది. నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్నానంటే నువ్వు నమ్మవనుకో.

అమ్మాయిని కాళ్ళు పైకి పెట్టుకుని పడుకోమను.

నీ
పాలు పొంగించేవాడు

*

ప్రియమైన నీకు,

ఇది తీరిగ్గా కూర్చుని చదువు. పక్కన అమ్మాయిని కూడా కూర్చోబెట్టుకో.

బుధవారం మధ్యాహ్నం పోస్ట్‌మాస్టరుకి గడ్డం గీస్తున్నాను. ఒక చెంప అయింది, రెండో చెంప మీద నురగ. అప్పుడు సైరన్ మోగింది. ఆయన్ని అలాగే కుర్చీలో వదిలేసి, మెడలో తువ్వాలుతోనే పరుగు తీశాను. చేపల పడవ బోల్తా పడింది, ఏడుగురు మనుషులు. కింద దేనికో వల చిక్కుకుంది. అది లాగుతుండగా పక్క నుంచి అల కొట్టిందట, అంతే, తిరగబడింది. అదీ ఎక్కడ? మన రేవు బయట బండరాళ్ళ దగ్గర. దాని కన్నా చెడ్డ చోటు మన సముద్రంలో లేదు.

డ్రైవరమ్మ బస్సుని స్టాపులోనే వదిలేసి వచ్చింది. ప్రయాణికులు దిగి ఆమె వెనకే రేవు దాకా వచ్చారట. కరెంటు స్తంభం దిగి లైన్‌మన్, బడి నుంచి చేతికి సుద్దతోనే మాస్టారు వచ్చారు. సైరన్ ఆగేలోపే పడవ నీళ్ళలో ఉంది.

బోల్తా పడ్డ పడవ అడుగు పైకి తేలి ఉంది. నిండా పాచి, చెయ్యి ఆన్చితే జారిపోతోంది. ముగ్గురు దాని మీద బోర్లా పడుకుని ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. ఇంకో ముగ్గురు నీళ్ళ మీద తేలే వల బెండ్లు పట్టుకుని వేలాడుతున్నారు. అంత అలల్లో కూడా డ్రైవరమ్మ ముసలమ్మ కోసం బస్సు ఆపినంత మెత్తగా పడవని పక్కకి చేర్చింది. నేను ఇన్నేళ్ళు చుక్కాని పట్టాను. నిజం ఒప్పుకోవాలి, అంత మెత్తగా నాకెప్పుడూ కుదరలేదు. ఆరుగురినీ లోపలికి లాగేశారు.

ఏడోవాడు వంటాయన. తిరగబడ్డప్పుడు కింద వంటగదిలో ఉన్నాడు. అయిపోయాడనే అందరూ అనుకున్నారు. పైకొచ్చినవాళ్ళలో ఒకడు అప్పుడే ఏడుపు మొదలుపెట్టాడు.

అప్పుడు నేను ఇంజను ఆపమన్నాను. రాళ్ళు అంత దగ్గర పెట్టుకుని ఇంజను ఆపడమంటే కొరివితో తల గోక్కోవడమే. డ్రైవరమ్మ ఒక్క క్షణం తటపటాయించి ఆపేసింది. అందరినీ నోరు మూసుకోమంది. లైన్‌మన్ ఆ పాచికి చెవి ఆన్చాడు. లోపలి నుంచి టక్ మని దెబ్బ. ఆగి మళ్ళీ రెండు.

లైన్‌మన్ గబగబా గొడ్డలి ఎత్తాడు. వద్దురా అని గొంతు చిరిగేలా అరిచాను. ఇది ఎవరైనా చేసే పొరపాటే. లోపల మనిషి ఉన్నాడంటే గోడ పగలగొట్టాలనే అనిపిస్తుంది. కానీ ఆ పడవ తేలుతున్నది లోపల చిక్కుకున్న గాలి వల్ల, ఆ మనిషి బతికున్నదీ ఆ గాలి వల్లే. పైన కన్నం పడితే గాలి బుస్సుమని పోతుంది, పడవ మనిషితో సహా అడుక్కి పోతుంది. కింద నుంచి వెళ్ళి తేవడం ఒకటే దారి.

ఎవరు వెళ్తారు? మాస్టారు అప్పటికే నడుముకి తాడు కట్టుకుంటున్నాడు. "నా కక్కడం ఎలాగూ అయిపోయింది, నేను ఖాళీయే" అన్నాడట. మొదటిసారి ఉత్త చేతులతో పైకొచ్చాడు. రెండోసారి వెళ్ళినవాడు ఎంతకీ రాడు. కింద మనిషి ఉన్నాడు, ఇంజను వెయ్యడానికి లేదు. పడవ రాళ్ళ మీదకి జరుగుతోంది. లైన్‌మన్ వెదురు గడతో రాయిని నెట్టుకుంటూ నిలబడ్డాడు. గడ విల్లులా వంగింది.

లోపల ఏం జరిగిందో తర్వాత తెలిసింది. వంటాయన మెడ దాకా నీళ్ళలో, కటిక చీకట్లో ఒక గొట్టం పట్టుకుని వదలనంటాడట. మాస్టారు ఆయన చేత రెండో ఎక్కం చెప్పించాడట! నువ్వు నవ్వుతావని తెలుసు. రెండు ఐదుల పది దాకా వచ్చేసరికి వణుకు కాస్త తగ్గిందట. "ఆరు దగ్గర గట్టిగా ఊపిరి పీల్చు, మిగతాది పైకెళ్ళాక అప్పజెప్పు" అని చెయ్యి పట్టుకుని కిందకి లాగేశాడట.

ఇద్దరూ పైకి తేలారు. ఏడుగురికి ఏడుగురూ ఒడ్డుకొచ్చారు. గాలేస్తే పడిపోతాడనుకున్న ఆ మనిషికి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. ఈ ఊళ్ళో ఇలాంటివాళ్ళ మధ్య బతుకుతున్నందుకు నాకు గర్వంగా ఉంది.

పోస్ట్‌మాస్టరు మర్నాడు పొద్దున్న సగం గడ్డంతోనే వచ్చాడు. డబ్బులు సగమే ఇస్తానంటాడు.

నీ
సెలూన్ వాడు

*

ప్రియమైన మీకు,

అలవాటు కొద్దీ ప్రియమైన అని రాశాను, లేకపోతే చెయ్యి వచ్చేది కాదు.

నేనేమైనా నిన్న పుట్టానా? ఒడ్డున కుర్చీలో కూర్చున్నవాడికి పాచి జారుతోందని ఎలా తెలిసింది? గొడ్డలి ఎత్తినవాడు మీ అరుపు విని ఆగాడంటే మీరు ఎంత దూరంలో ఉన్నట్టు? రెండు పేజీల ఉత్తరంలో షెడ్డు మాట లేదు, వైర్‌లెస్ మాట లేదు. మీ నోట్లో నువ్వుగింజ నానదు. దాచిపెట్టాలనుకున్నదే ముందు బయటపడుతుంది.

ఉత్తరం చదివి అమ్మాయి చప్పట్లు కొట్టింది. "నాన్న ఎంత బాగా రాశాడమ్మా!" అంది. బాగానే రాస్తారు, నాకు తెలియదా? నేను మాత్రం లేచి వంటగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఆ భుజంతో అల మధ్యలో చెయ్యి పట్టు తప్పితే ఏమయ్యేది? అక్కడ మిమ్మల్ని తేవడానికి ఇంకొకడు దూకాలి. నాకు ఇక్కడికి ఒక టెలిగ్రాం వచ్చేది. నిండు నెలల పిల్లని పక్కన పెట్టుకుని నేనది చదివేదాన్ని.

ఏడుగురూ బతికినందుకు సంతోషం. మాస్టారు బంగారం లాంటి మనిషి. మీతో మాత్రం నాకు మాటల్లేవు. జవాబు రాయక్కర్లేదు.

మీ ఇల్లాలు

*

ప్రియమైన తాతగారికి,

అవును, తాతగారే. శుక్రవారం సాయంత్రం మనవరాలు పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. జుట్టు ఒత్తుగా ఉంది, మీ కత్తెరకి పని దొరికింది. ముక్కు మాత్రం మా వియ్యపురాలిదే, ఏం చేస్తాం.

జవాబు వద్దంటే నిజంగానే మానేశారు. ఇన్నేళ్ళలో మీరు నా మాట విన్నది ఇదొక్కసారే. విన్నాక నాకు నచ్చలేదు.

కాన్పు కష్టమైంది. పొద్దుట్నుంచి నొప్పులు పడుతూ అమ్మాయి నా చెయ్యి వదల్లేదు. మధ్యలో "నాన్న ఉత్తరం చదువమ్మా" అంది. సంచిలోనే ఉంది, పైకి చదివాను. నర్సులిద్దరు పని ఆపి విన్నారు. మాస్టారు ఎక్కం చెప్పించే దగ్గరికి రాగానే అమ్మాయి నొప్పుల్లోనే నవ్వింది. నర్సమ్మ "నువ్వూ చెప్పు తల్లీ, రెండు ఒకట్ల రెండు" అంది. ఆ తర్వాత ఎన్ని ఎక్కాలు అయ్యాయో నాకు గుర్తులేదు.

పైకి చదివితే నాకూ వేరేగా వినిపించింది. మొదటిసారి చదివినప్పుడు మీరొక్కరే కనపడ్డారు. ఈసారి లోపల కొడుతున్న ఆ మనిషి వినపడ్డాడు. ఆయనకీ ఒక ఇల్లాలు ఉండే ఉంటుంది. మీరు నా మాట పట్టుకుని షెడ్డులో కూర్చుని ఉంటే ఇంజను ఆపమని ఎవరు చెప్పేవాళ్ళు? గొడ్డలి వద్దని ఎవరు అరిచేవాళ్ళు?

అందుకే మీరిచ్చిన మాట మీకే తిరిగి ఇచ్చేస్తున్నాను. భయం పోలేదు, పోదు కూడా. అయినా సైరన్ మోగితే వెళ్ళండి. నేనేమీ అనను. మీ లాంటి మనిషిని చేసుకున్నందుకు ఆసుపత్రి వరండాలో నాకు ఏనుగెక్కినంత గొప్పగా అనిపించింది. ఎదురుగా ఉంటే ఈ మాట అనేదాన్ని కాదు.

మీ
అమ్మమ్మ గారు

*

ప్రియమైన నా మనిషికి,

మనవరాలి కబురు చదివి సెలూన్ మూసేశాను. సగంలో ఉన్నవాళ్ళని కూడా పంపేశాను. ఆ తర్వాత నీ ఉత్తరంలో రెండో పేజీ చదివాను. చదివి సిగ్గుతో చచ్చాను.

నేను వెళ్ళలేదు.

ఆ రోజు పోస్ట్‌మాస్టరుని వదిలేసి పరుగెత్తిన మాట నిజం. జట్టులో ఒకరు తక్కువ ఉన్నారు. నేను లైఫ్ జాకెట్ వేసేసుకున్నాను. ఒక కాలు పడవలో పెట్టాను. నీకిచ్చిన మాట గుర్తొచ్చి దిగానని రాస్తే నువ్వు మురిసిపోతావు, కానీ అది అబద్ధం. ఎక్కడానికి కమ్మీ పట్టుకుంటే చెయ్యి నిలవలేదు. వేళ్ళు వాటంతట అవే విడిపోయాయి. డ్రైవరమ్మ చూసింది. నేనే దిగి, జాకెట్ విప్పి, అప్పుడే వచ్చిన మాస్టారుకి తొడిగాను.

నేను చెప్పిన మాటలన్నీ వైర్‌లెస్‌లో చెప్పినవే. "బాబాయ్, గొడ్డలి తీశాడు" అని డ్రైవరమ్మ అంటే షెడ్డులోంచి అరిచాను, పడవలో స్పీకరు పగిలిపోయిందనుకున్నారట. పాచి, గడ, ఎక్కం అన్నీ వాళ్ళు చెప్పినవి. జుట్టులో ఉప్పు వదలడం లేదని మర్నాడు అందరూ వరసగా నా సెలూన్ కుర్చీలో కూర్చుని తలకో ముక్క చెప్పారు. నేను అతికాను. ఎక్కడా అబద్ధం రాయలేదు, నేనెక్కడున్నానో మాత్రం రాయలేదు. ఇన్నేళ్ళు పడవలోంచి కథ చెప్పినవాణ్ణి, కుర్చీలోంచి చెప్పడానికి నామోషీ వేసింది. నీకు కోపం వస్తే లోపల్లోపల సంతోషించాను కూడా. వెళ్ళాడనే అనుకుంటోంది, అనుకోనీలే అని ఊరుకున్నాను. కానీ ఇప్పుడు నువ్వు పొగిడితే తట్టుకోలేకపోతున్నాను.

ఉత్తరంలో రాయనిది ఇంకొకటి ఉంది.

మాస్టారు రెండోసారి దిగాక వైర్‌లెస్‌లో మాట ఆగిపోయింది. డ్రైవరమ్మ చేతులు ఖాళీ లేవు. నాకు చెయ్యడానికి ఏమీ లేదు. కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగాను. పడవలో ఉన్నప్పుడు నాకెప్పుడూ భయం వెయ్యలేదు, అక్కడ భయపడే తీరిక ఉండదు. ఇక్కడ తీరిక తప్ప ఇంకేమీ లేదు.

అప్పుడు ఒకావిడ వచ్చింది. చేపలు శుభ్రం చేసే చోటి నుంచి, చేతులకి పొలుసుతోనే వచ్చింది. గుమ్మంలో నిలబడి "అన్నా, మా ఆయన?" అంది. ఆరుగురి పేర్లూ నా దగ్గరున్నాయి. ఆమె మనిషి పేరు వాటిలో లేదు. నేను మొహం తిప్పుకుని సెట్టు సవరిస్తున్నట్టు నటించాను. జనంతో మాట్లాడి బతికేవాణ్ణి నేను. నా దగ్గర ఒక్క మాట లేదు. మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకుని నిలబడింది, తాగలేదు. "ఏడుగురూ ఉన్నారు బాబాయ్" అని సెట్టులో వినపడ్డాక అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

నిన్న లైన్‌మన్ భార్యకి ఇదంతా చెప్పాను. "పిన్ని ఊళ్ళో ఉంటే ఆవిడతో మాట్లాడేది. ప్రతిసారీ ఆ గుమ్మం దగ్గర మా అందరితో పిన్నే మాట్లాడుతుంది" అంది. ఏం మాట్లాడుతుందని అడిగాను. "మాటలు గుర్తులేవు బాబాయ్, అవి విన్నాక మాత్రం నిలబడగలిగేవాళ్ళం" అంది.

ఇన్నేళ్ళు తడిసి ఇంటికొచ్చాను. నీ చేతిలోంచి తువ్వాలు తీసుకుని, తల తుడుచుకుంటూనే కథ మొదలుపెట్టేవాణ్ణి. నువ్వు వినేదానివి. ఇంతసేపూ నువ్వేం చేశావని ఒక్కసారి కూడా అడగలేదు. ఊరంతా మమ్మల్ని పొగుడుతుంటే నేనూ ఆ పొగడ్తలో నానిపోయాను. ఈ జట్టులో అందరికన్నా కష్టమైన పని ఎవరిదో నాకు కుర్చీలో కూర్చున్నాక తెలిసింది.

నువ్వు తిరిగిచ్చిన మాట నాకొద్దు. ఆ కుర్చీ నాదే. పిల్లకి నెల నిండగానే బయల్దేరి రా. సైరన్ మళ్ళీ మోగుతుంది, ఎవరో ఒకరు ఆ గుమ్మంలోకి వచ్చి నన్ను అడుగుతారు.

ఇన్నేళ్ళూ వాళ్ళకి నువ్వేం చెప్పేదానివి? ఉత్తరంలో వద్దు. వచ్చి, నా ఎదురుగా కూర్చుని చెప్పు.

నీవాడు