తడిమి పోల్చుకోవడం

మల్యాల, మంగళవారం రాత్రి

పొద్దున జగిత్యాల కాలేజీలో బాక్టీరియా పాఠం చెప్పాను. జన్యువును ఆపే ప్రోటీన్ డీఎన్ఏ పేటలను విప్పి చూడదు, వాటి మధ్య గాడిలో అంచులను తడిమి తన చోటును పోల్చుకుంటుంది అన్నాను. సిరిసిల్ల నేతవాళ్ల శంకర్ లేచాడు.

"మా నాయిన గంతే సార్. కండ్లు మూసుకొని పోగు తడిమి నూలు ఎంత సన్నగుందో నంబరు చెప్తడు. మరి గా ప్రోటీన్ వేరే చోట తగిలితే?"

"వదిలేసి ముందుకు జరుగుతది" అన్నాను.

సాయంత్రం సిరిసిల్ల బస్సులో ఇద్దరమూ ఉన్నాం. జగిత్యాల దాటగానే నక్సలైట్ల కోసం వెతుకుతున్న పోలీసులు ఆపి, కుర్రాళ్ల భుజాలు ఒక్కొక్కటే తడిమారు. శంకర్ భుజం మీద కాయ కాచి ఉంది.

"తుపాకి మోసినవా?"

"నూలు మూటలు మోసిన సార్! గా సార్ మా లెక్చరరే, అడుగుర్రి."

ఆ పోలీసు చూపు నా మీదికి తిరిగింది.

"నా క్లాసుల మస్తుమంది ఉంటరు. యాదికి లేడు" అన్నాను.

వాణ్ణి దింపేశారు. బస్సు కదిలింది. శంకర్ రోడ్డు మీద, కిటికీ పక్కనున్న నన్నే చూస్తూ నిలబడ్డాడు.

ప్రోటీన్ తనది కాని చోటునే వదిలేస్తుందని వాడికి చెప్పింది నేనే. రేపు హాజరులో వాడి పేరు పిలవాల్సిందీ నేనే.