గోల్‌పోస్టు పక్క తలుపు

ఇల్లందు

చెల్లెలు సునందకు ప్రభువు పేరిట వందనాలు.

నీ భర్త పోయాక కూడా, గోల్ కాస్తుంటే బంతి మీదికొచ్చినప్పుడల్లా నా నోట అతని పేరే వస్తోంది. నిన్న కాక అంతకు ముందు ఆదివారం "ప్రేమ్‌సాగర్, వెనక్కి!" అని అరిచాను. గోల్‌పోస్టు పక్కనున్న మీ తలుపు తెరుచుకుంది. అతని స్థానంలో ఆడుతున్న ఇద్రీస్ కసిరాడు: "పాస్టరన్నా, గొంతుంది గదాని సచ్చినోళ్లను లేపుతవా ఏంది?"

ప్రభువు పేరు పెట్టి పిలిస్తే సమాధిలోంచి నడిచొచ్చినవాని గురించి చర్చిలో గర్జించి చెప్పే నోరిది. నేను పిలిస్తే మాత్రం నువ్వొస్తున్నావు.

అందుకే వారమంతా మైదానంలో ఒక్కడినే "ఇద్రీస్" అని అరుస్తూ సాధన చేశాను. నిన్నటి ఆటలో పేరు తప్పలేదు. మీ తలుపూ తెరుచుకోలేదు. అటే చూస్తూ ఉండిపోయాను. బంతి నా కాళ్ల మధ్య నుంచి పోయింది.

వచ్చే ఆదివారం ఆట మొదలవకముందే తలుపు తెరిచిపెట్టు తల్లీ. అప్పుడే నా కళ్లు బంతి మీద నిలుస్తాయి.

నీ అన్న