నిమ్మ మొక్క ఎండుటాకులు

పిన్నీ,

మీ పెరట్లో నేను తీసిన, బంతిపువ్వు మీద సీతాకోకచిలుక ఫొటో ఫ్రేము కట్టించి హాల్లో పెట్టావట. బాబాయి ఫోన్లో చెప్పాడు. దాన్ని తీసెయ్యి.

పోయినేడు చలి ముదిరాక మిగిలిన ఆఖరి పూలవి. టీ పెట్టడానికి లోపలికి వెళ్తూ, "మొక్కల మీద చెయ్యి వెయ్యకురా" అన్నావు. సరేనన్నాను. కానీ పువ్వు వెనకాల, నిమ్మ మొక్కకు అంటుకున్న ఎండుటాకులు ఫొటోను పాడుచేస్తున్నాయనిపించింది. నువ్వొచ్చేలోపు తుంచి గోడ అవతల పారేశాను. తర్వాత ఫొటో చూసి "ఎంత శుభ్రంగా వచ్చిందిరా" అని నువ్వు మురిసిపోతుంటే నేనూ నవ్వాను.

ఈ ఏడాది పూలు వాడిపోతున్నా ఒక్క సీతాకోకచిలుకా రాలేదని, నీ చెయ్యే మంచిది కాదేమోనని దిగులు పడుతున్నావని కూడా బాబాయి చెప్పాడు. నాకెందుకో అనుమానం వచ్చి, తుంచకముందు తీసిన ఫొటో వెతికి పెద్దది చేసి చూశాను. అవి ఆకులు కావు పిన్నీ, సీతాకోకచిలుకలు బయటికి రావాల్సిన గూళ్లు. పదకొండున్నాయి. ఒకదాంట్లోంచి రెక్కల రంగు కూడా కనబడుతోంది.

ఆ ఫొటో దీనితో పంపుతున్నాను. బాబాయికి చూపించినా నేనేమీ అనుకోను.

నీ చెయ్యి మంచిదే. వద్దన్న చోట పడింది నాది.