చెవులు నిలబడ్డ కుక్క

జనవరి 3, శుక్రవారం
దొర మోతిని చూశాడు.
మా ఆయన దొర కారు నడపబట్టి ఇన్నేళ్లయినా ఆ కారు మా వాకిట్లో ఎన్నడూ ఆగలేదు. ఇవాళ ఇంజను వేడెక్కిందని నీళ్ల కోసం ఆగింది. మోతి కంచె దగ్గరికి వచ్చి నిలబడింది. రెండు చెవులూ నిక్కబొడుచుకుని...
"దావీదూ, గిది మనదే గదరా?"
"మీరు పారెయ్యమన్నదే దొరా. ఒక చెవు వాలిందని."
"ఇప్పుడు లేసింది గదా."
అంతే. కారు వెళ్లిపోయింది. నేను చెంబు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

జనవరి 4
దొర మరిచిపోతాడు, ఫికర్ చేయకు అంటారు ఆయన. అన్నం మాత్రం సగంలోనే వదిలి లేచారు.

జనవరి 8, బుధవారం
బడి నుంచి వచ్చేసరికి సుశీల చాప మీద పడుకుని ఉంది. పక్కన మోతి. మళ్లీ మూర్ఛ వచ్చి పోయిందట.
"ఎసరు పెడ్దామని పొయ్యికాడికి పోతుంటె మోతి లంగ పట్టి గుంజింది అమ్మా. కూసుండెదాంక ఇడ్వలే. కూసున్నంక వచ్చింది."
మోతి ఇంటికి రాకముందు ఒకసారి పిల్ల పొయ్యిలోనే పడింది. ఎడమ ముంజేతి మీద తోలు ఇప్పటికీ ముడతలు పడే ఉంది. మిషన్ దవాఖాన డాక్టరమ్మ మందిచ్చి, నిప్పు దగ్గరికీ బావి దగ్గరికీ ఒంటరిగా పంపొద్దని చెప్పింది. నేను బడిలో, ఆయన కారులో. పన్నెండేళ్ల పిల్ల వెంట ఎవరుండాలి? కుక్కకు ముందే ఎట్లా తెలుస్తుందని అడిగితే డాక్టరమ్మ కూడా ఏమో అంది.

జనవరి 11, శనివారం
మోతిని తీసుకుని దొర ఉండే గడీకి రమ్మన్నారు. నేనూ వెళ్లాను. ఆయన వద్దన్నా.
హైదరాబాదు నుంచి ఒక టోపీ మనిషి వచ్చి ఉన్నాడు. అక్కడ కుక్కల ప్రదర్శన ఉందట. ఆల్సేషియన్ జాతి కుక్క అంటే ఎట్లా ఉండాలో ఇంగ్లీషులో అచ్చేసిన పుస్తకం ఒకటి చేతిలో పట్టుకుని చదువుతున్నాడు, టేపు పెట్టి కొలుస్తున్నాడు. భుజం ఎత్తు. నడుము వాలు. తోక ఎంతవరకు వేలాడాలి. కళ్లు బాదం గింజల్లా ఉండాలట, నల్లగా. నోరు తెరిచి పళ్లు చూశాడు. మోతి ఊరికే నావైపు చూస్తూ నిలబడింది. పిచ్చిది, ఒక్కసారైనా గుర్రుమనలేదు.
"ఒక్క వంక లేదు దొరా. పండ్లు మారేటప్పుడు చెవు వాలుతది, మల్ల లేస్తది. మీరు జర తొందరపడ్డరు."
నేనే ముందుకు వచ్చి అన్నాను. "దొరా, నా బిడ్డకు మూర్ఛ వచ్చేది ఇది ముందుగాల పసిగడ్తది. ఇది లేకుంటె పిల్ల ఏ నిప్పుల పడ్తదో..."
టోపీ మనిషి నిజంగానే పుస్తకం తిరగేశాడు. "అసువంటిదేం లేదు ఇందుల."
దొర నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "ప్రదర్శన అయినంక సూద్దాం" అన్నాడు.
మోతి అక్కడే ఉండిపోయింది. దారంతా ఆయన నాకన్నా ముందు నడిచారు.

జనవరి 13
సుశీలను నాతో బడికి తీసుకుపోతున్నాను.
"నేనేమన్న దూడనా అమ్మా, నీ ఎంట కట్టేసుకొని తిరుగుతవు?"

జనవరి 16, గురువారం
తరగతిలో మూర్ఛ వచ్చింది. బెంచీ అంచు తగిలి నుదురు చిట్లింది. రక్తం చూసి పిల్లలు కేకలు పెట్టారు. "రేపటిసంది ఇంట్లనే ఉంచు టీచరమ్మా" అంది పెద్ద టీచరు. మెల్లగానే అంది.
ఇంట్లో ఎవరున్నారు?

జనవరి 20, సోమవారం
దొరా ఆయనా హైదరాబాదు నుంచి వచ్చారు. మోతికి మొదటి బహుమతి. వెండి కప్పు.
ఓడిపోవాలని ప్రార్థన చేశాను నేను. అట్లాంటి ప్రార్థన చేయవచ్చునా...
తీర్పు చెప్పిన తెల్లదొర మోతి వీపు నిమిరి, ఇట్లాంటి నడక ఈ రాజ్యంలో చూడలేదన్నాడట. దారి పొడుగునా దొర నవ్వుతూనే ఉన్నాడట. మోతి ఇక గడీలోనే, పిల్లల్ని కనాలి. అంతవరకు చెప్పి ఆయన నీళ్లు తాగారు. ఇంకా ఏదో ఉందని తెలిసిపోయింది.
"'నీ బిడ్డను గూడ గడీల దించు దావీదూ, కుక్క కాడ్నే ఉంటది, దొరసానికి చేతికింద ఆసరైతది' అన్నడు."

జనవరి 21
దొరసాని పెళ్లప్పుడు ఆమె వెంట చిన్నపిల్లగా వచ్చి, గడీలోనే నలభై దాటిన లచ్చుమమ్మ ఇవాళ బడి బావి దగ్గర కనిపించింది. నా కోసమే వచ్చిందేమో.
"నన్ను గూడ దొరసానితోని ఆడుకొనుడానికే అని తోలిన్రు టీచరమ్మా. నా పెండ్లి ముచ్చట ఎవ్వలు తియ్యలే. గడీకి వచ్చే చుట్టాలు..." అటూ ఇటూ చూసింది. "నీ బిడ్డను తోలకు" అని బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.
ఆయనకు చెప్పాను. గోడవైపు తిరిగి కూర్చున్నారు.

జనవరి 22
"నేను పోత అమ్మా. ఆడ మోతి ఉన్నది."
గడీలో చాకిరీ ఉంటుందన్నాను. "పని నాకు రాదా?" అంది. పన్నెండేళ్ల పిల్లకు ఇంకేం చెప్పాలి? ఏ మాటలతో?

జనవరి 23
నల్లగొండ మిషన్ బళ్లో టీచరు కావాలట. ఉండటానికి గది ఇస్తారట. సుశీలను తీసుకుపోవచ్చని ఆయనకు చెప్పాను. మోతిని తీసుకుపోలేం.

జనవరి 25, శనివారం
గడీ నుంచి మనిషి వచ్చాడు. రేపు ప్రార్థన కాగానే పిల్లను తోలుకొని రమ్మని దొర మాట. ఆయన సరే అన్నారు! సరే అని తలుపు వేసి, చాలాసేపు తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు.

జనవరి 26, ఆదివారం
ప్రార్థనలో ఏం చదివారో తెలియదు.
వచ్చేసరికి వాకిట్లో కిరాయి ఎడ్లబండి. గడీకైతే నడిచే పోవచ్చు. సుశీల కొత్త జాకెట్టు తొడుక్కుని అప్పుడే ఎక్కి కూర్చుంది. మోతికని రొట్టె తెచ్చుకుంది.
"అమ్మా, నాయిన నీ చీరెలు గూడ మూట కట్టిండు. ఎందుకు?"
ఆయన వైపు చూశాను. "ఇంటికి బీగం ఎయ్యి" అన్నారు, అంతే.
నల్లగొండకైనా గడీ గోడ పక్కనుంచే దారి. సుశీల వాసన మోతికి తెలిసిపోతుంది. అది మొరిగితే... ఈ పిల్ల బండి దిగి పరుగెత్తితే... దొర వరండాలోనే కూర్చుని ఉంటే...
పిలుస్తున్నారు.