వరండాలో మంచం

మేరీ అక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద నన్ను ఆపి, "ఏమే, మీ ఆయన మంచం లోపలికొచ్చిందా?" అని అడిగేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. నువ్వడిగినప్పుడల్లా నేను తలదించుకుని చెప్పులు వెతుక్కునేదాన్ని.

లూపస్ జబ్బుతో నా బుగ్గలు ఎర్రగా కందినప్పటి నుంచి ఆయన వరండాలోనే పడుకుంటున్నాడు. నా ముఖం చూడలేకే అనుకున్నాను.

మొన్న నరసరావుపేటలో కొత్త డాక్టరమ్మ మందులు రాస్తూ, "ఇద్దరూ దగ్గరగా ఉంటున్నారా?" అని అడిగింది. ఇన్నేళ్లలో ఏ డాక్టరూ అడగని మాట. పక్కన కూర్చున్న ఆయనే చెప్పాడు.

"సున్నం బట్టీలో పనండీ నాది. ఎంత రుద్దినా ఒంటిమీద సున్నం పోదు. నేను తగలబట్టే దాని ముఖం కాలిందని దూరంగా ఉంటన్నా."

డాక్టరమ్మ నవ్వలేదు. ఈ జబ్బు సున్నంతో వచ్చేది కాదని, అంటుకునేదీ కాదని చెప్పింది. కలిసినప్పుడు పొడిబారి మంటపుడితే పూతమందు ఉందంది. కీళ్లు తేలిగ్గా ఉన్న వేళ చూసుకోమని, ఎక్కడ నొప్పో నన్నే నోరు తెరిచి చెప్పమని అంది.

తిరిగొచ్చేటప్పుడు పిడుగురాళ్ల బస్సులో ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. అరచెయ్యి గరుకుగానే ఉంది.

"నొప్పా?" అన్నాడు.

"కొంచెం మెల్లగా," అన్నాను. చెయ్యి మాత్రం తీసుకోలేదు.

ఈ ఆదివారం అందరూ వెళ్లిపోయాక కూడా చర్చి మెట్ల మీద కాసేపు నిలబడ్డాను. ఎవరూ ఏమీ అడగలేదు.

వచ్చిందక్కా. మంచం లోపలికొచ్చింది.