బొటనవేలు పైకెత్తితే

కొరోన్

ప్రియమైన అన్నయ్యా, కుయా క్రిసాంటో,

ఫోనులో నోరు పెగలడం లేదు, అందుకే రాస్తున్నాను. నా ఎల్మెర్ ఇంకా ఆ మునిగిన ఓడలోనే ఉన్నాడు. డెబ్బై అయిదు మీటర్ల లోతు. జతగా దిగిన రొడెల్ ఒక్కడే పైకొచ్చాడు. ఎల్మెర్ నోటి దగ్గరి గొట్టం చెడిపోయిందని చెబుతున్నాడు. ఇద్దరూ మామూలు గాలి నింపుకునే దిగారు.

మా అత్త రోజంతా రేవులోనే కూర్చుంటోంది. నలభయ్యోనాటి ప్రార్థన లోపల కొడుకును మట్టిలో పెట్టాలని ఆమె పట్టు. నాకూ అదే కావాలి. ఖాళీ శవపేటిక ముందు కూర్చుని ఏడవడం నా వల్ల కాదు. నువ్వొచ్చి అతన్ని పైకి తీసుకురా.

నీ చెల్లెలు,
మారివిక్

పుయెర్టో గలేరా

మా బంగారు మారివిక్,

తెస్తాను. హీలియం కోసం మనీలాకు కబురు పెట్టాను, అది చేరేదాకా ఓపిక పట్టు. అంత లోతులో మామూలు గాలి పీలిస్తే లంబనోగ్ సారా పట్టించినట్టు మత్తెక్కుతుంది. పైగా మనకేమీ కాలేదనే అనిపిస్తుంది. ఎల్మెర్‌కి ఎన్నిసార్లు చెప్పానో. "నాకు అలవాటైపోయింది కుయా, నీకే వయసు మీదపడి భయం పట్టుకుంది" అని నవ్వేవాడు. హీలియం కలిపితే బుర్ర మన చెప్పుచేతల్లో ఉంటుంది.

నాతో పనిచేసే జోసెలిటో, దివినా కూడా దిగుతారు. ముగ్గురికీ ఒకటే మిశ్రమం. ఎవరి సిలిండరులోని మిశ్రమం వాళ్లు కొలిచి, దానికి అంటించిన పట్టీ మీద రాసి, మిగతా ఇద్దరికీ చూపించాలి. నీళ్లలో ఎవరు బొటనవేలు పైకెత్తినా అందరం వెనుదిరగాలి. ఎందుకని అడగకూడదు, పైకొచ్చాక కూడా. ఇది మా ముగ్గురి ఒప్పందం.

నీ అన్న,
క్రిసాంటో

కొరోన్

ప్రియమైన కుయా,

కోపంగానే రాస్తున్నాను. రేపే మామూలు గాలితో దిగి ఎల్మెర్‌ని తెచ్చేస్తానని రొడెల్ వచ్చాడు. "మీ అన్న గ్యాసు కోసం కూర్చుంటే వాడు చేపల పాలవుతాడు" అన్నాడు నా మొహం మీదే. సరేననబోయాను. అత్త అప్పటికే అతనికి అన్నం వడ్డిస్తోంది.

చివరికి నువ్వు రాసిన మత్తు సంగతి గుర్తొచ్చి, అతని పడవెక్కి సిలిండర్లన్నీ విప్పేసి గాలి వదిలేశాను. రేవంతా తిరిగి చూసింది. రొడెల్ నన్ను ఆపలేదు, పక్కన నిలబడి చూశాడంతే. నాకది వింతగా తోచింది.

త్వరగా రా.
మారివిక్

కొరోన్ రేవు ఎదుట, పడవ మీద నుంచి

చెల్లీ,

నీ మొహం చూసే ధైర్యం లేక పడవ దిగలేదు. ఈ ఉత్తరం సరంగు చేతికిస్తున్నాను.

ఇవాళ దిగాం. ఎల్మెర్ కనిపించాడు. ఓడ తలుపుకు కాస్త అవతల. కాళ్లకున్న పచ్చ ఈతరెక్కలు చూసి గుర్తుపట్టాను. ఇంకాస్త ముందుకెళ్తే చేతికందేవాడు. అప్పుడే దివినా బొటనవేలు ఎత్తింది. చూడనట్టు నటిద్దామా అనుకున్నాను. మత్తు లేదు కదా, ఆ సాకు కూడా నాకు దొరకలేదు. నేనూ వేలెత్తాను. ఒళ్లు తట్టుకునేలా మధ్యమధ్య ఆగుతూ పైకొచ్చేసరికి సాయంత్రమైంది. ఆ పిల్లను ఎవరమూ ఏమీ అడగలేదు.

తుఫాను వస్తోందట. ప్రార్థన లోపల మళ్లీ దిగడం కుదరదు. తిడితే నన్ను తిట్టు, ఆ పిల్లను కాదు.

నీ అన్న

కొరోన్

ప్రియమైన కుయా,

నిన్ను తిట్టాలనే కాగితం తీశాను. ఇంతలో రొడెల్ వచ్చాడు, ఎల్మెర్ దొరికాడా అంటూ. ఆ అమ్మాయి వేలెత్తగానే మీరు తిరిగొచ్చేశారని చెప్పాను. గుమ్మంలోనే కూర్చుండిపోయాడు.

గొట్టం చెడిపోలేదట. ఓడ తలుపు దగ్గర ఎల్మెర్ బొటనవేలు ఎత్తాడట.

"నాకు నవ్వొచ్చింది మారివిక్. ఎందుకో తెలీదు, ఎంతకీ ఆగలేదు. ఏంట్రా, భయమా అని సైగ చేశా. వాడు వేలు దించేసి నాకంటే ముందే లోపలికెళ్లాడు, మళ్లీ బయటికి రాలేదు" అన్నాడు.

ఆ నవ్వు మత్తుదంటావు నువ్వు. కావచ్చు. అయినా నా కోపం చల్లారడం లేదు.

శవపేటిక వద్దని వడ్రంగికి కబురు పంపాను. అత్తకు నేనే చెప్పుకుంటాను. కుయా, ఎల్మెర్ కోసం ఇంకొకరు పోకూడదు. మళ్లీ దిగొద్దు, తుఫాను వెళ్లాక కూడా. దివినాను ఇంటికి తీసుకురా, ఇంత అన్నం పెడతాను.

ఇది రాస్తుంటే రొడెల్ ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. నేను లోపలికి రమ్మనలేదు. వెళ్లిపొమ్మనీ అనలేదు.

నీ మారివిక్